గార్డు ఊపిరి

మా ఆయన మూడు నెలలుగా సొంత ఇంట్లోకి దొంగలా వస్తున్నారు. వీధి గుమ్మం ఉండగా పెరటి తలుపు తోసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, గొంతైనా సవరించుకోకుండా వచ్చి కుర్చీలో కూర్చుంటారు. కూర్చున్నాక కూడా గార్డు వైపు చూడరు. చూస్తే వాడికి సంతోషం వస్తుంది. సంతోషం వస్తే దగ్గు వస్తుంది. దగ్గు ముదిరితే నాలుక నీలంగా తిరుగుతుంది. ఇదీ మా సంసారం.

గార్డు మా కుక్క. పొమేరియన్. మూరెడు కూడా ఉండడు, ఒళ్ళంతా తెల్లటి బొచ్చు. ఆ పేరు మా ఆయనే పెట్టారు. తెల్ల డ్రెస్సు వేసుకుని ఆఖరి పెట్టెలో నిలబడే గార్డుబాబులా ఉన్నాడట. ఇప్పుడు గార్డుల్ని ట్రైన్ మేనేజర్లు అంటున్నారు గానీ, కుక్కపిల్లను మేనేజరుగారూ అని ఎవరు పిలుస్తారు?

మా ఆయన పేరు గోవిందరావు. ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో ముప్పై ఆరేళ్ళు రైలు పెట్టెల సీట్లకు రెగ్జిన్ కుట్టారు. తాతల నాడు సోంపేట నుంచి వచ్చిన కుటుంబాలు మావి. ఆయన రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి సుభాష్‌పల్లిలో ఈ రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశమైన వారానికే మా అమ్మాయి ఇందు, హౌరాలో ఉద్యోగం చేస్తోంది, లోకల్ బండిలో ఒళ్ళో బుట్ట పెట్టుకుని దిగింది. బుట్టలో వీడు. నాన్నకు పొద్దుపోవాలి కదమ్మా అంది.

నేను వద్దంటే వద్దన్నాను. "మనుసుల ఎంగిళ్ళే కడగలేక సస్తన్నాను, మజ్జిలో కుక్కదొకటా?" అని అరిచాను. నా నోరు మంచిది కాదని మా వీధంతా ఎరుగును. పక్షం తిరక్కుండా ఆ వెధవ నా కొంగు మీద పడుకుని నిద్రపోవడం మొదలుపెట్టాడు. కొంగు లాక్కుంటే లేస్తాడు. లేస్తాడని నేను కూర్చున్న చోటే కూర్చుని కూరలు తరిగేదాన్ని, పొయ్యి మీద పప్పు మాడుతున్నా సరే.

మా ఆయన గోల్ బజార్‌లో నీలం రెగ్జిన్ ముక్క కొని వాడికి మెడపట్టీ కుట్టారు. రెండు వరసల కుట్టు, ఇత్తడి బకిల్, లోపల మెత్తటి గుడ్డ. ఫస్ట్ క్లాసు సీటుకు కూడా ఆయన అంత ఒద్దికగా కుట్టి ఉండరు. ఏడాదికోసారి పాతది తీసి కొత్తది వేసేవారు. పొద్దున వర్క్‌షాప్ సైరన్ మోగగానే ఇద్దరూ షికారుకు బయల్దేరేవారు. రిటైరైనా సైరన్ వింటే ఆయన కాళ్ళు ఇంట్లో ఆగవు.

గార్డు నడుస్తూ నడుస్తూ మధ్యలో ఒక వెనక కాలు పైకెత్తి రెండడుగులు గెంతేవాడు. మేం డ్యాన్సనుకున్నాం. ఇందు వీడియో తీసి అందరికీ పంపింది. బాగా సంబరం పుడితే 'కాంక్ కాంక్' అని బాతు అరిచినట్టు ఓ కూత కూసేవాడు. "అదిగో, గార్డుబాబు విజిలేసినాడు, బండి కదలాల!" అని మా ఆయన జెండా ఊపినట్టు తువ్వాలు ఊపేవారు. వాడు ఇంకా పొంగిపోయి ఇంకో రెండు కూతలు. అందరం పగలబడి నవ్వేవాళ్ళం. ఆ నవ్వు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పోయిన చలికాలంలో కూత కాస్తా దగ్గయింది. నీళ్ళు తాగితే దగ్గు, గుమ్మంలో పాలవాడు కనబడితే దగ్గు. "ముల్లు ఇరుక్కున్నాది" అని తేల్చాను నేను. రోజూ చేపలు తినే ఊళ్ళో దగ్గుకు మొదటి అర్థం అదే. మా అత్త జోగమ్మ బతికుండగా నేర్పిన వైద్యం ఉంది, నమలకుండా మింగే వట్టి అన్నం ముద్ద. ఎదురింటి బెంగాలీ ఆవిడా అదే చెప్పింది. రెండు నెలలు ముద్దలు మింగించాను. లేని ముల్లు ఎలా దిగుతుంది? వాడి పొట్ట మాత్రం గుండ్రంగా తయారైంది.

మార్చిలో ఒక పొద్దున షికారులో వీధికుక్క మీదికొస్తే మా ఆయన తాడు వెనక్కి లాగారు. గార్డు రెండుసార్లు కాంక్‌మని, కాళ్ళు బారజాపి పడిపోయాడు. ఆయన వాడిని చేతుల్లో వేసుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు. "వాణీ, గార్డు పడిపోనాడే, సూడే!" అని కేక. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఒంటిమీది చీరతోనే టోటో బండి ఎక్కి ఊళ్ళోనే ఉన్న ఇందా పేటకు పోయాం.

ఇందాలో కుక్కల డాక్టరు ఒక బెంగాలీ అమ్మాయి. ఎక్స్‌రే తీసి, గుండె విని, పళ్ళు చూసి, వెనక కాలు అటూ ఇటూ తిప్పి, మమ్మల్ని బాబాయీ పిన్నీ అన్నట్టు కాకూ, కాకీమా అని పిలుస్తూ హిందీలో నెమ్మదిగా చెప్పింది. గొంతులో గాలి వెళ్ళే గొట్టం మెత్తబడిపోయిందట. నానిన కాగితం స్ట్రాతో కూల్‌డ్రింక్ పీలిస్తే రెండు పక్కలూ అతుక్కుపోతాయి చూడండి, వీడు ఊపిరి పీల్చినప్పుడల్లా అదే జరుగుతోందట. మేం విజిలనుకున్నది అదే. డ్యాన్సనుకున్నది మోకాటిచిప్ప జారిపోవడం. పళ్ళు సగం కదిలిపోయాయి, గుండెలో కూడా ఏదో చప్పుడుంది. "ఈ చిన్న జాతి కుక్కల్లో ఇవన్నీ మామూలే కాకీమా" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మామూలేటమ్మా మామూలు? ముద్దుగా ఉండాలని మనిసే ఈటిని ఇంతింత సేసి, ఊపిరి గొట్టం కూడా సరిగ్గా ఎట్టకుండా అమ్ముతాడేటి?" అన్నాను. తెలుగులో అన్నాను కాబట్టి ఆ పిల్లకు అర్థం కాలేదు. అర్థమైన మా ఆయన నా చెయ్యి నొక్కారు. ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది పాపం.

పుట్టుకతో వచ్చిన లోపం, ఎవరి తప్పూ కాదని ఆమె మరీ మరీ చెప్పింది. మందులతో నెట్టుకురావడమే, నయం కాదు. కోల్‌కతాలో గొట్టంలోకి జాలీ లాంటిది దింపే ఆపరేషన్ ఉంది గానీ, ఈ గుండె మత్తుమందుకు ఆగదు. బరువు తగ్గాలి. ఎండ తగలకూడదు, సాంబ్రాణి పొగ కూడదు. కంగారు కూడదు, సంబరమూ కూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మెడకు ఏదీ తగలకూడదు, పట్టీ గిట్టీ ఏదీ.

మా ఆయనకు ఆ ఆఖరి మాట ఒక్కటే వినబడింది. ఇంటికొచ్చి కుట్టుపెట్టె తీసి, పాత పట్టీలన్నీ ముందేసుకుని, పెద్ద కత్తెరతో ముక్కలు ముక్కలు చేశారు. "ఆరేళ్ళు నా సేతుల్తో నానే ఆడికి ఉరి బిగించినానే" అన్నారు. డాక్టరు పుట్టుకతో వచ్చిందని చెప్పింది కదండీ అంటే తల ఊపారు గానీ నమ్మలేదు. మర్నాటి నుంచి మెడకు తగలకుండా ఛాతీకి మాత్రమే పట్టే జీను ఒకటి కుట్టడం మొదలుపెట్టారు. రోజూ వాడి మెడచుట్టూ, భుజాలచుట్టూ చేతులు పెట్టి కొలతలు తీసుకోవడం, కుట్టడం, విప్పేయడం. నాలుగు జీనులు అలా పోయాయి.

ఆయనకు కుట్టడానికి ఏదో ఒకటి దొరికింది. నాకేముంది? మందు మాత్ర పెరుగులో కలిపి పెట్టేదాన్ని. వాడు తిని, దగ్గి, నా వంక చూసేవాడు. ఇంత నోరు పెట్టుకుని వాడికి ఒక్క మాటా చెప్పలేకపోయాను.

మా ఇందుకు రెండేళ్ళప్పుడు కోరింత దగ్గు వచ్చింది. రైల్వే ఆసుపత్రి మందులు పదిహేను రోజులు వాడాం. అప్పుడు మా అత్త అమ్మవారి దగ్గర తొమ్మిది ముడులేసిన నల్లతాడు తెచ్చి పిల్ల మెడలో కట్టింది. గొంతు జబ్బుకు గొంతుకే కట్టాలి, చేతికి కడితే చేతికే పనిచేస్తుందని మా పెద్దల మాట. మూడోరోజుకు దగ్గు తగ్గింది. మందు పనిచేసిందో తాడు పనిచేసిందో మేమెవరం అడగలేదు.

ఏప్రిల్‌లో మా తెలుగువాళ్ళ మాత పూజలొచ్చాయి. పసుపునీళ్ళ కుండ నెత్తిన పెట్టుకుని వీధంతా తిరిగి, గుడిలో దించి, నల్లతాడు ముడులేయమని పూజారిని అడిగాను. ఎవరికమ్మా అన్నాడు. పిల్లాడికన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

మా ఆయన బజారుకు వెళ్ళిన వేళ చూసి కట్టాను. రెండు వేళ్ళు దూరేంత వదులుగా, ఎడమ చెవి కింద ముడి. పైన బొచ్చు దువ్వేసరికి తాడున్నట్టే తెలియలేదు. డాక్టరు ఏదీ తగలకూడదంది నిజమే. పట్టీ సంగతి వేరు, ఇది దారం, దారానికి బరువేముంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అమ్మవారి దారం ఆ పిల్ల చెప్పిన లెక్కలోకి రాదనుకున్నాను. చెబితే మా ఆయన తీసేస్తారని ఆయనకు చెప్పలేదు.

నాలుగు రోజులు దగ్గు సగమైంది. అయిదోరోజు నేను అమ్మవారికి కొబ్బరికాయ కొట్టాను. ఆరోరోజు మళ్ళీ మొదలు.

మే నెల మమ్మల్ని చంపేసింది. ఎండ ఒక పక్క, ఉక్క ఒక పక్క. ఆ మాత్రలకు విపరీతమైన ఆకలిట, వాడు గిన్నె నాకుతూ నిలబడితే నాకు మనసొప్పేది కాదు, ఇంకో ముద్ద వేసేదాన్ని. వాడు లావెక్కాడు. మళ్ళీ ఇందాకు వెళ్ళేముందు తాడు విప్పి రవికెలో దోపుకున్నాను. డాక్టరమ్మాయి వేళ్ళతో వాడి మెడ తడిమి, "బాగా చూసుకుంటున్నారు, మెడకు ఏమీ తగలనివ్వడం లేదు" అని మెచ్చుకుంది. నా చెవులు కాలిపోయాయి. అయినా ఇంటికొచ్చి మళ్ళీ కట్టాను. ఈసారి ఒక్క వేలే దూరింది. కడితే డాక్టరు మాట భయం, తీసేస్తే అమ్మవారి భయం. తీసిన మర్నాడు వాడికేదైనా అయితే, కట్టి ఉంచాల్సిందని జన్మంతా ఏడవాలి కదా. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

మార్చి నుంచే మా ఆయన వాడి ముందు నవ్వడం మానేశారు. పేరు పెట్టి పిలవడం మానేశారు. పెరటి దారిన రావడం అప్పుడే మొదలైంది. ఒకరోజు అన్నం తింటూ తింటూ ఆగి, "నాను ఆ రోజు తాడు నాగకపోతే ఆడు బాగుండునే" అన్నారు. ఆ కంచం ముందు కూర్చుని నేను నా తాడు సంగతి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పులుసు వడ్డించాను.

జూన్ రెండో వారం, మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. గచ్చు మీద నీళ్ళు చల్లి గార్డును పడుకోబెట్టాను. ఎవరూ రాలేదు, ఎవరూ పిలవలేదు, ఏ సంబరమూ లేదు. ఊరికే లేచి కూర్చుని దగ్గడం మొదలుపెట్టాడు. ఆగలేదు. పది, ఇరవై, ముప్పై. మెడ ముందుకు చాచి, మోచేతులు దూరంగా పెట్టి, గాలి కోసం నోరు తెరుస్తున్నాడు. గాలి లోపలికి పోవడం లేదు.

నా కేకలకు పక్కింటి ఆలిస్ తడి తువ్వాలు పట్టుకుని వచ్చింది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. "మీద పడకు వాణక్కా, గాలాడనీ" అంటూ తువ్వాలు వాడి పొట్ట కింద పరిచి చేటతో విసరసాగింది. మా ఆయన డాక్టరుకు ఫోన్ చేస్తున్నారు, కలవడం లేదు. వాడి నాలుక పక్కలు నీలమయ్యాయి. తర్వాత నాలుకంతా. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. అన్నం పెట్టినదాన్ని, మాత్రలు పెట్టినదాన్ని, ఇప్పుడు కూడా ఏదో ఒకటి చేస్తాననుకున్నాడు.

"కత్తెర! కత్తెర తేండి!" అని అరిచాను.

"కత్తెరెందుకక్కా?" అంది ఆలిస్.

మా ఆయన ఎందుకని అడగలేదు. ఫోన్ పడేసి, కుట్టుపెట్టెలోంచి కత్తెర తీసుకుని వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నారు. నేను చెయ్యి చాపేలోగానే ఎడమ బొటనవేలు గార్డు ఎడమ చెవి కిందకి, సరిగ్గా నా ముడి ఉన్న చోటికి దూర్చి, తాడు పైకెత్తి ఒక్క వేటుతో తెంపేశారు. వెతకలేదు, తడుముకోలేదు.

గార్డు ఒళ్ళంతా ఓసారి జలదరించింది. ఒక ఊపిరి లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఇంకొకటి. నాలుక అంచుల్లో ఎరుపు మెల్లగా తిరిగొచ్చింది. ఆలిస్ తెగిన తాడును చూసింది, నన్ను చూసింది, మా ఆయన్ను చూసింది. ఆమె నిష్ఠలు వేరు, దేవుడు వేరు. టీ పెడతానని మా వంటింట్లోకి వెళ్ళింది.

"మీకెలగ తెల్సండీ?" అన్నాను.

"తెల్దేటే? కొలతకని రోజూ ఆడి మెడ సుట్టూ సేతులెట్టింది నాను గాదా? మాత పూజలైన మర్నాడే తగిలింది."

"మరేల తెంపలేదు? ఏల నన్ను తిట్టలేదు?" నా గొంతు నాకే వికారంగా వినబడింది. "అన్నీ తెల్సి నోరు మూసుకుని కూకున్నారేటండీ, రాయిలాగ!"

ఆయన తాడును వేళ్ళ మధ్య నలిపారు. "నా పట్టీ తీసేసినాను, తగ్గలేదు. మందులు పోసినాం, తగ్గలేదు. నువ్వు కట్టినావు గదా, పోనీ ఇదైనా పని సేస్తాదేమోనని ఒగ్గేసినాను. నాను తెంపినాక ఆడికేటయినా ఐతే నీ మొకం ఎలగ సూడనే?"

నేను ఏడ్చాను. మూడు నెలలుగా ఆయన నేరమంతా తన నెత్తిన వేసుకుని తిరుగుతుంటే, నా కొంగు కింద దాచుకున్నదాన్ని దాచుకునే ఉన్నాను. ఆ మాట చెప్పి మరీ ఏడ్చాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేశారు. "నీకూ తెల్సు, నాకూ తెల్సు. ఆడికే తెల్దు" అన్నారు.

డాక్టరు ఫోన్ కలిసింది. ఆయన తాడు సంగతి కూడా దాచకుండా చెప్పారు. ఆ పిల్ల నన్ను తిట్టి ఉంటే బావుండేది. తాడు వల్ల ఈవేళ్టి దగ్గు ఎక్కువై ఉండొచ్చు, తీసేసి మంచి పని చేశారు, చూడండి అంది.

చూశాం. టీలు చల్లారిపోయాయి. ఆలిస్ వాళ్ళింటికి వెళ్ళింది. కరెంటొచ్చి ఫ్యాను తిరిగింది. గార్డు పక్కకు ఒరిగి మెల్లగా ఊపిరి తీస్తున్నాడు, పొట్ట లేస్తోంది, దిగుతోంది. మేమిద్దరం చెరో గోడకు చేరబడి ఆ పొట్టనే చూస్తూ కూర్చున్నాం. ఇద్దరి మనసులోనూ ఒకటే ఉందని నాకు తెలుసు. తాడు పోయింది కదా. అమ్మా, అంతా నా వల్లే అయిందనిపించు తల్లీ, ఆ పాపం ఏడు జన్మలు మోస్తాను, వీడిని మాత్రం లేపు అని లోలోపల మొక్కుకుంటున్నాను.

గంట గడిచింది. గార్డు తలెత్తాడు. లేచి గిన్నె దాకా నడిచాడు, మధ్యలో ఆ కాలెత్తి రెండడుగులు గెంతాడు. నీళ్ళు నాలుగుసార్లు నాకాడు. ఆ తర్వాత మెడ చాచి దగ్గాడు. ఆ కాంక్ కాంకే. మెడ మీద పట్టీ లేదు, తాడు లేదు, బొచ్చు తప్ప ఇంకేమీ లేదు, అయినా నిన్నటి దగ్గే, మొన్నటి దగ్గే.

నా వల్ల కాదన్నమాట. అబద్ధమెందుకు చెప్పాలి, ముందు నా గుండె తేలికపడింది. వెనువెంటనే అందులో ఏమీ మిగల్లేదు. నా తప్పే అయి ఉంటే ఎంత బావుండేది! తప్పయితే కత్తిరించేశాం కదా, ఈపాటికి వాడు వీధిలో పాలవాడి మీద మొరిగేవాడు.

మా ఆయన గోడ పట్టుకుని లేచి చెప్పులు చేతిలోకి తీసుకున్నారు.

"ఈ ఎండలో ఎక్కడికండీ?" అన్నాను.

"ఆడు నన్ను సూసి తోక ఊపుతున్నాడే" అన్నారు. పెరటి తలుపు చప్పుడు కాకుండా తీసుకుని వెళ్ళి, బయట ఎండలో కూర్చున్నారు.